మునిగితేనే బతికే దోనె

ఆ ఊరి పేరు రాయను. రాస్తే వచ్చే ఆదివారానికి మీరు పిల్లాజెల్లాతో బయలుదేరతారు, వాళ్ళు ఇంకో పది టిక్కెట్లు కోస్తారు, నా కోపం కాస్తా వాళ్ళకి ప్రచారం అవుతుంది. గుండుగొలను దాటాక చేపల చెరువుల మధ్య గట్టు మీద పోయే దారిలో, కొల్లేటి అంచున ఒక లంక ఉందని తెలిస్తే చాలు. నూరేళ్ళు దాటిన వీధి ఒక్కటే ఒక్కటి. దానికి రెండు వైపులా మండువా లోగిళ్ళు. వాటిలో ఇప్పుడు కాపురాలు లేవు. కొట్లున్నాయి, హోటలుంది, బొమ్మల గ్యాలరీ ఉంది. మొత్తానికి కలిపి హెరిటేజ్ విలేజ్ అని బోర్డు ఉంది.

మాది తాడేపల్లిగూడెం. ముప్పై నాలుగేళ్ళు టింబరు డిపో నడిపి, ఈ మధ్యనే తాళం వేశాను. నాకు కోపం జాస్తి అని మా వీధి వీధంతా చెబుతుంది. మా ఆవిడ అన్నపూర్ణ చెప్పదు, చేతులు తిప్పి చూపిస్తుంది. ఈ ప్రయాణం ఆవిడ కోరిక. "కాశీ చూపించారు, రామేశ్వరం చూపించారు. పక్కనున్న కొల్లేరు మటుకు చూపించలేదు," అని పదేళ్ళుగా పోరు. గంటన్నర దూరానికి యాత్ర అనే పేరేమిటని మీరు నవ్వుతారేమో. కాశీలో నేను పోగొట్టుకున్నది ఒక జత చెప్పులు. ఇక్కడ పోగొట్టుకున్నది, కలప సంగతి నాకు తెలుసు అని చెప్పుకునే హక్కు.

భీమడోలు దాకా

రోహిణి కార్తె. రైలు కిటికీ ఊచ ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. మా ఎదుట ఒక రైతు కూర్చున్నారు. గూడెం మార్కెట్ యార్డులో పని చూసుకుని భీమడోలు తిరిగి వెళ్తున్నారట.

"ఎందాకండీ?" అని అడిగారు.

"కొల్లేరు చూద్దామనండీ," అంది అన్నపూర్ణ.

ఆయన కాసేపు ఆలోచించారు. "చూడ్డానికేముందండీ అక్కడ? మా అత్తారిది ఆ పక్కే. ముప్పై ఏళ్ళ నుంచీ వెళ్తున్నాను, నాకేం కనపడలేదే!"

ఆ మాట అంటూనే సంచిలోంచి తాటిముంజలు తీసి, ఒలిచి, ఆకులో పెట్టి ఇచ్చారు. డబ్బులివ్వబోతే నొచ్చుకున్నారు. ఈ ప్రయాణంలో డబ్బు పుచ్చుకోకుండా మాకు తిండి పెట్టినవాళ్ళు ఇద్దరే ఇద్దరు. మొదటివారు ఆయన.

లంక వీధి

వీధి మొదట్లోనే గేటు. మనిషికి నూట యాభై టిక్కెట్టు. ఊళ్ళోకి వెళ్ళడానికి టిక్కెట్టేమిటని నేను అడిగాను. గేటు దగ్గరి మనిషి చాలా మర్యాదగా, "ఊరికి కాదండీ, అనుభవానికండీ," అన్నాడు. మా గూడెంలో ఎవరైనా అలాంటి మాట అంటే వాడి వైపు ఒకసారి చూసి నవ్వుకుంటాం. ఇక్కడ చీటీ చింపి చేతిలో పెడతారు.

అరుగుల మీద కొట్లు. ఇత్తడి గ్లాసులో కాఫీ తొంభై రూపాయలు. గ్లాసు నిండలేదు. పక్క కొట్లో, రొయ్యల కోసం నీళ్ళలో పెట్టే వెదురు బుట్ట తలకిందులుగా వేలాడుతోంది, లోపల బల్బు. మావు అంటారు దాన్ని. ధర పద్దెనిమిది వందలు. అన్నపూర్ణ దాని కిందే నిలబడిపోయింది.

"ఏవండీ, మన హాల్లో ఎలా ఉంటుందంటారు?"

"రొయ్యలు వచ్చి పడేదాకా బానే ఉంటుంది."

కొనేసింది. నా మాట వినే అలవాటు ఆవిడకి మొదట్నించీ లేదు. ఆ రోజంతా ఆ బుట్టని నేనే మోశాను.

భోజనం హోటల్లో. 'కొల్లేటి కొరమీను పులుసు' నాలుగు వందల ఎనభై. మట్టి మూకుట్లో వచ్చింది. రెండు ముద్దలు తిన్నాక చేప ఎక్కడిదని అడిగాను. వడ్డించే అమ్మాయి అమాయకంగా నిజం చెప్పేసింది: "ఇక్కడి చేపలన్నీ ఐసు పెట్టి లారీల్లో బయటికెళ్ళిపోతాయండి. మాకు ఏలూరు నుంచి ప్యాకెట్లొస్తాయండి." కిటికీ బయట ఎటు చూసినా చేపల చెరువులే. పళ్ళెంలో ప్యాకెట్టు చేప. నాకు అప్పటికే ఒళ్ళు మండిపోతోంది.

గ్యాలరీ

వీధి చివర ధాన్యం కొట్టు ఒకటి ఉంది. గోడలు మూరెడు మందం, పైన బర్మా టేకు దూలాలు. ఆ దూలాలని చూసి నా కోపం కొంచెం దిగిందని ఒప్పుకుంటాను. అటువంటి కర్ర నా జీవితంలో రెండుసార్లు అమ్మాను. ఆ కొట్టే ఇప్పుడు గ్యాలరీ. గోడలకి కొల్లేటి బొమ్మలు. ఒక బొమ్మలో ఆడమనిషి దోనె మీద సముద్రంలో వెళ్ళినట్టు తెరచాప ఎత్తుకుని పోతోంది. దాని వెల నలభై వేలు.

హాలు మధ్యలో, ఎండుగడ్డి పరిచిన దిమ్మ మీద నిజమైన తాటి దోనె ఉంది. తాటి మాను మొదలుని నిలువునా చీల్చి, లోపలి గుజ్జంతా తొలిచేస్తే మిగిలే డొప్ప అది. మొదలు వైపు గుండ్రంగా దానంతటదే మూసుకుని ఉంటుంది, రెండో చివర బంకమట్టితో కట్ట వేసుకుంటారు. ఇక్కడ ఆ మట్టి తీసేసి, పాలిష్ పట్టిన టేకు పలక బిగించారు. ఒళ్ళంతా వార్నిషు. పైనించి లైట్లు, సూటిగా ఏసీ గాలి. అలంకారానికి లోపల ఒక వల పరిచారు. పక్కన అట్ట: 'తాటి దోనె. కొల్లేటి జీవనానికి ప్రతీక. తాకరాదు.'

తాకరాదంటే తాకాలనిపించే మనిషిని నేను. గొడుగు మొనతో వల కాస్త ఎత్తాను. కింద గోనె సంచులు. ముట్టుకుంటే తడి. మామూలు తడి కాదు, పిండితే నీళ్ళు కారేటంత తడి.

ముప్పై నాలుగేళ్ళుగా నేను కూలీలకి చెప్పిన మాట ఒక్కటే: కర్రకి నీళ్ళు శత్రువు. వాన చినుకు పడితే పరుగెత్తి టార్పాలిన్లు కప్పించిన మనిషిని. నూరేళ్ళ కొట్టులో, బర్మా టేకు కింద, ఎవరో పనిలేనివాళ్ళు తడి గోనెలు తెచ్చి కర్ర మీద కప్పారు! గ్యాలరీ అంతా వినబడేలా అరిచాను.

గ్యాలరీ చూసుకునే నిహారిక గారు పరుగున వచ్చారు. ముప్పై ఏళ్ళుంటాయేమో, నూలు చీర, మెత్తని మాట. నేనెవరో, ఎన్నేళ్ళ అనుభవమో చెప్పాను. అడక్కపోయినా చెప్పాను. "రోజూ నేల తడిగా ఉంటే పైకప్పు కారుతోందనుకున్నామండీ," అని ఆవిడ తెల్లబోయి, వెనక్కి తిరిగి, "మహాలక్ష్మీ!" అని పిలిచారు.

చీపురు పట్టుకుని ఒక ఆవిడ వచ్చింది. యాభై అయిదేళ్ళ మనిషి, ఎండకి నల్లబడిన చేతులు, ముడి వేసిన జుట్టు. పొద్దున్నే గ్యాలరీ ఊడ్చేది ఆవిడే. తప్పించుకోవాలని కూడా చూడలేదు.

"నేనే వేశానండి."

"ఎందుకు వేశావు? ఆయన చూడు, చెక్క తెలిసిన పెద్దవారు, ఏమంటున్నారో విను. ఇంకోసారి ఇలా జరిగితే పనిలోకి రానక్కర్లేదు."

మహాలక్ష్మి నా వైపు ఒకసారి చూసింది. గోనెలు ఒక్కొక్కటే తీసి, చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. నిహారిక గారు ఏసీ ఇంకా పెంచమని ఎవరికో చెప్పి, నాకు ఉచితంగా కాఫీ తెప్పించారు. నేను తాగాను. గర్వంగానే తాగాను.

గట్టు మీద

సాయంత్రం ఎండ తగ్గాక వీధి వెనక గట్టు మీద నడిచాం. టిక్కెట్టు లేని ఊరు అక్కడే ఉంది. రేకుల ఇళ్ళు, గేదెలు, ఆరేసిన వలలు. ఎదురుగా తల మీద గడ్డి మోపుతో ఒక మనిషి వస్తోంది. దగ్గరికొచ్చాక చూస్తే మహాలక్ష్మి.

నేను తల తిప్పుకుందామనుకున్నాను. అన్నపూర్ణ తిప్పుకోనివ్వలేదు. "మా వారి నోటికి అడ్డూ ఆపూ లేదమ్మా. ఏమనుకోకు. అసలు ఆ గోనెలెందుకు వేశావు?"

"దోనె నాదండి," అంది మహాలక్ష్మి.

వాళ్ళ ఇంటి ముందు మంచం వాల్చి మమ్మల్ని కూర్చోబెట్టింది. మా ఊళ్ళో అయితే, నాలాగా నోరు పారేసుకున్న మనిషిని గుమ్మం ఎక్కనివ్వరు. ఆవిడ చేదుపరిగెలు వేయించి, వేడన్నం పెట్టింది. వేలెడు చేపలు, ముల్లుతో సహా నమిలెయ్యాలి. ఆ చిరుచేదు నాకు ఇప్పటికీ నాలిక మీద ఉంది. ఈ ప్రయాణంలో నేను తిన్న కొల్లేటి చేప అదొక్కటే. ముంజలిచ్చిన ఆయన తరవాత డబ్బులు పుచ్చుకోకుండా తిండి పెట్టిన రెండో మనిషి ఆవిడ.

సంగతి ఇదీ. హెరిటేజ్ విలేజ్ తెరిచేటప్పుడు, నాలుగు రోజులు పెట్టుకుని ఇచ్చేస్తామని దోనె అడిగి పట్టుకెళ్ళారు. నాలుగు నెలలయింది. అవతల దిబ్బ మీద పచ్చగడ్డి ఉంది. దోనె ఉంటే అరగంటలో కోసి తెచ్చుకునేది. ఇప్పుడు గట్టు చుట్టూ తిరిగి రెండు గేదెలకీ నెత్తి మీద మొయ్యాలి. అయినా ఆవిడ బెంగ గడ్డి గురించి కాదు.

"వానలు పడితే ఈ గట్టు మునిగిపోద్దండి. అప్పుడు బయటికెళ్ళాలన్నా, గేదెలకి మేత తేవాలన్నా ఆ దోనే దారండి. అడిగితే ఇస్తాం ఇస్తాం అంటారు. గట్టిగా అడిగితే చీపురు కూడా పోద్దని భయమండి."

"మరి గోనెలు?" అన్నాను.

"తాటి దోనె గాలికి ఎండితే చీలిపోద్దండి. పని లేనప్పుడు మేం నీళ్ళలో ముంచేసి ఉంచుతాం. మునిగి ఉన్నన్నాళ్ళూ దానికేం కాదు. వాళ్ళకి చెప్పానండి. ముంచితే కుళ్ళిపోద్దని నవ్వారు. అందుకని తెల్లారే ఊడ్చేటప్పుడు గోనెలు తడిపి పడేస్తున్నానండి. నాలుగు నెలలు అలాగే కాచాను."

నేను చేప ముల్లు నములుతూ ఉండిపోయాను. తాడి కలప కాదు. గడ్డి జాతికి దగ్గరి చుట్టం, నిండా పీచు. ఆ ముక్క నాకు తెలుసు. నా డిపోలో తాడి కర్ర అమ్మలేదు కనక తెలిసీ ఆలోచించలేదు. టేకు మీద నేర్చుకున్నది తెచ్చి తాటి దోనె మీద అరిచాను. నన్ను నేను అంతలా తిట్టుకున్నది నా జీవితంలో లేదు. ఆవిడ మజ్జిగ పోస్తూ, "ఇంకాస్త అన్నం పెట్టించుకోండి బాబు," అంది. ఆ మర్యాద నాకు చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

రెండో రోజు

ఆ రాత్రి హోటలు గదిలోనే పడుకున్నాం. పొద్దున్నే గ్యాలరీ తలుపు తియ్యగానే లోపలికెళ్ళాను. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఇక రాత్రంతా ఏసీ కింద పెట్టిన తాటి డొప్ప మాటేమిటి? గుండ్రటి మొదలు దగ్గర్నుంచి మూరెడు పొడుగున చీలిక. చిటికెన వేలు పడుతుంది. మహాలక్ష్మి చీపురు పట్టుకుని దాని పక్కనే నిలబడి ఉంది. ఏడవటం లేదు. చీలిక వైపు చూస్తోంది, అంతే.

నిహారిక గారు ఫోనుతో ఫోటోలు తీస్తున్నారు. "చూశారా అండీ, ఇప్పుడు నిజంగా పాతదనం వచ్చింది. లైటు దీని మీదే పడేలా మార్పిస్తాను," అన్నారు.

నేను అరవలేదు. నమ్మండి, అరవలేదు. అరుపుతో నిన్న ఏం సాధించానో ఎదురుగా కనబడుతోంది. వాళ్ళకి తిరిగి ఇవ్వండని చెబితే ఇవ్వరు. ఎండిపోతోందని చెబితే లైటు పెడతారు. ఈ గ్యాలరీలో మహాలక్ష్మి మాటకి విలువ లేదు. నిన్నటి నుంచీ నా మాటకి మాత్రం ఉంది. నేను అబద్ధాలాడని వ్యాపారినేమీ కాను. ముప్పై నాలుగేళ్ళు కర్ర అమ్మినవాడు అలా చెబితే ఆ మాటే అబద్ధం. ఆ పొద్దున చెప్పింది మాత్రం నా వృత్తిలోకల్లా పెద్దది.

దిమ్మ మీది ఎండుగడ్డి నుసి చిటికెడు తీసి అరచేతిలో వేసుకున్నాను. చీలికలో గొడుగు మొన పెట్టి వంగి చూశాను. మొహం గంభీరంగా పెట్టాను.

"పుచ్చు," అన్నాను.

"ఏమిటండీ?"

"పుచ్చు పురుగు. ఇదిగో పొడి. లోపలంతా తినేసింది. అందుకే చీలింది."

అన్నపూర్ణ పక్క నుంచి, "ఏవండీ, పుచ్చెక్కడుందండీ? అది గడ్డి..." అంది. ఆవిడ చేతిలో మావు బుట్ట పెట్టి, ఇది పట్టుకో అన్నాను. అర్థం చేసుకుంది.

నిహారిక గారి మొహం పాలిపోయింది. "నిన్నటి తడి గోనెల వల్లా?"

"కాదు," అన్నాను, కొంచెం గట్టిగానే. "తడిలో ఈ పురుగు బతకదు. ఈ పొడి గాలికి పుట్టింది. ఆ గోనెలే నాలుగు నెలలు ఆపాయి." తరవాత తలెత్తి దూలాల వైపు చూశాను. నా వెంటే ఆవిడా చూశారు. బర్మా టేకు. ఇవాళ కొందామన్నా దొరకదు.

"పైకి పాకుతుందా అండీ?"

"నేనైతే ఈ పూట ఆగను."

గంటలో నలుగురు మనుషులు వచ్చారు. 'తాకరాదు' అన్న అట్ట దిమ్మ మీదే ఉండిపోయింది. కొల్లేటి జీవనానికి ప్రతీకని ముక్కులకి తువ్వాళ్ళు కట్టుకుని ఎత్తి, వెనక గట్టు కింద పారేసి, చేతులు డెట్టాలుతో కడుక్కున్నారు. నిహారిక గారు నాకు థాంక్స్ చెప్పారు. సందర్శకుల పుస్తకంలో నాలుగు ముక్కలు రాయమన్నారు. రాయలేదు. ఇదిగో ఇప్పుడు రాస్తున్నాను.

నీళ్ళ దగ్గర

దోనె గట్టు వాలులో బోర్లా పడి ఉంది. మహాలక్ష్మి దాన్ని తిప్పింది. టేకు పలక ఊడబీకి పక్కన పడేసింది. గట్టు కింద నుంచి బంకమట్టి తీసుకుని కట్ట వేసింది. చీలికలోకి కూడా మట్టి కూరింది. నేను సాయం పట్టబోతే వద్దనలేదు, రమ్మనీ అనలేదు. ఇద్దరం కలిసి నీళ్ళలోకి నెట్టాం. మోకాళ్ళ లోతుకి వెళ్ళాక ఆవిడ అంచు మీద చెయ్యి వేసి ఒక పక్కకి వంచింది. నీళ్ళు లోపలికి వచ్చాయి.

గట్టు మీద టిక్కెట్టు జనం పోగయ్యారు. "అయ్యో, మునిగిపోతోంది! పట్టుకోండి!" అని ఒకరు కేక. ఒకాయన ఫోను తీశాడు. గేటు మనిషి ఈల ఊదుతూ తాడు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. నేను వెనక్కి తిరిగి అరిచాను. పొద్దున్నించీ దాచుకున్న కోపమంతా పెట్టి అరిచాను: "మునగనివ్వండయ్యా! అది బతకాలంటే మునగాలి! మీకు తెలియకపోతే నోరు మూసుకుని నిలబడండి!" నిన్న ఆ చివరి మాట నాకు ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బావుండేది.

మహాలక్ష్మి రెండు రాళ్ళు తెచ్చి లోపల పెట్టింది. దోనె బుడగలు వదులుతూ కిందికి దిగింది. కాసేపటికి గుర్రపుడెక్క ఆకులు కదిలి ఆ చోటు కప్పేశాయి.

"చీలిక మూసుకుంటుందామ్మా?" అని అడిగాను.

ఆవిడ చేతుల మట్టి కడుక్కుంటూ, "మీరు చెక్క తెలిసినోరు కదండీ. మీరే చెప్పాలి," అంది. గొంతు పెంచలేదు. అండీ కూడా వదల్లేదు.

పంచె తడిసిపోయింది, పైకి రండని అన్నపూర్ణ పిలిచింది. వచ్చేముందు మా ఫోను నంబరు మహాలక్ష్మి ఫోనులో వేసి, దోనె సంగతి ఏమైందో చెప్పమని మరీ మరీ చెప్పింది.

ఏలూరు

తిరుగు ప్రయాణానికి ఏలూరు వెళ్ళి రైలెక్కాం. ప్లాట్‌ఫారం మీద వేడి వేడి మినపట్టు, అల్లం పచ్చడి. బావుండే ఉంటుంది, నాకు రుచి తెలియలేదు. అన్నపూర్ణ ఆ మావు బుట్టని ఒళ్ళో పెట్టుకుని, లోపలి బల్బు హోల్డరు విప్పేస్తోంది.

"ఎందుకు?" అన్నాను.

"ఈసారి వెళ్ళినప్పుడు మహాలక్ష్మికి ఇచ్చేద్దామండీ. రొయ్యలన్నా పడతాయి."

ఇంటికొచ్చాక పదకొండు రోజులు ఫోను మోగినప్పుడల్లా నేనే తీశాను. మృగశిర మొదలై నాలుగు చినుకులు పడ్డాక, పన్నెండో రోజు పొద్దున మహాలక్ష్మి ఫోను చేసింది.

"దోనె తీశానండి. తేలుతోందండి."

"చీలిక?"

"ముప్పాతిక మూసుకుందండి. ఆ గుండ్రటి మొదలు దగ్గర మటుకు నీళ్ళు ఊరుతున్నాయి. మట్టి పెడుతున్నా ఆగట్లేదు."

"మరి దిబ్బకి వెళ్ళగలుగుతున్నావా?"

"వెళ్తున్నానండి. పది గెడలు వేసి, ఆగి, నీళ్ళు తోడి, మళ్ళీ పది గెడలు వేస్తున్నా. ఇదివరకు ఒక్కచోట కూడా ఆగేదాన్ని కాదండి."